బాలనాగమ్మ కథలో పద్నాలుగేళ్లు: చెరలోని తల్లి, ఎదిగే బిడ్డ

వ్యాససంగ్రహం: బాలనాగమ్మ కథను పాతివ్రత్య గాథగానో, మాయల ఫకీరు కథగానో చదవడం తెలుగులో పరిపాటి. ఆ కథలోని వ్రతం గడువును తల్లీబిడ్డల సంబంధం వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బుర్రకథ, సురభి రంగస్థలం, 1942, 1959 నాటి చలనచిత్రాలు ఆ తల్లిని ఎక్కడెక్కడ నిలిపాయో, కృష్ణా డెల్టా దిగువ ప్రాంతపు శ్రోతలనూ కళాకారులనూ దృష్టిలో ఉంచుకొని చర్చించడమైనది.

కీలకపదాలు: బాలనాగమ్మ, బుర్రకథ, సురభి, జానపద చిత్రం, బహిఃప్రాణం, మోపిదేవి, కూచిపూడి.

ప్రవేశిక

ఎవరి బలమైనా వారిలో కాక మరెక్కడో దాగి ఉందని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు మాయల ఫకీరును, అతని ప్రాణమున్న చిలకను తలచుకుంటారు. రాజకీయ వ్యాఖ్యల్లోనూ రచ్చబండ మాటల్లోనూ ఈ పోలిక నేటికీ చెల్లుబాటవుతోంది. కథ పేరు మాత్రం బాలనాగమ్మ. పేరు ఆమెకు దక్కింది, నానుడి ఫకీరుకు దక్కింది. ఈ పంపకం ఎలా జరిగిందన్నది తెలుగు కథనకళల చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

జానపద సాహిత్య పరిశోధన తెలుగులో బిరుదురాజు రామరాజు, నాయని కృష్ణకుమారి వంటి వారి కృషితో స్థిరపడింది. గేయగాథలలోని స్త్రీ పాత్రలను పరిశీలించేటప్పుడు పాతివ్రత్యం, సాహసం, వీరమాతృత్వం అనే గుణాలను ప్రమాణంగా తీసుకోవడం ఆ తరువాతి వ్యాసాలలో అలవాటుగా మారింది. బాలనాగమ్మకు ఈ విభజనలో సాధారణంగా మొదటి గది కేటాయిస్తారు. పరపురుషుని చెరలో ఉండి శీలాన్ని కాపాడుకున్న రాణి కనుక అది అసంగతం కాదు. కాని ఆ గదిలో ఉంచగానే ఆమె చేసిన ముఖ్యమైన పని ఒకటి కంటికి ఆనదు. ఆమె కాలాన్ని సంపాదించింది. ఆ కాలం తనకోసం సంపాదించుకున్నది కాదు.

కథ స్వరూపం

బుర్రకథగా, నాటకంగా, చిత్రంగా జనంలో వాడుకలో ఉన్న కథ స్థూలంగా ఇది. సంతానం లేని భూలక్ష్మీదేవికి జటంగముని అనుగ్రహం వల్ల కలిగిన బిడ్డ బాలనాగమ్మ. కార్యవర్ధిరాజును పెళ్లాడి మగబిడ్డను కన్నది. బిడ్డ ఇంకా ఉయ్యాలలో ఉండగానే మాయల ఫకీరు బిచ్చగాని వేషంలో గుమ్మం ముందుకు వచ్చి, ఆమెను కుక్కగా మార్చి నాగుళ్లపూడి గట్టుకు తీసుకుపోయాడు. వెదుకుతూ వచ్చిన భర్తను, పరివారాన్ని రాళ్లుగా మార్చాడు. తనకు వ్రతం ఉన్నదని, అది పూర్తయ్యేదాకా తాకరాదని ఆమె ఫకీరును దూరంగా నిలిపింది. ఫకీరును వలచిన సంగు ఆ గుహలోనే ఉంది. పద్నాలుగేళ్ల తరువాత కొడుకు బాలవర్ధిరాజు తల్లిని వెదుక్కుంటూ వచ్చి, ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకొని, దాన్ని తెచ్చి చంపి, రాళ్లైన వారందరినీ మనుషులను చేశాడు.

ఈ కథలో సాహసమంతా కొడుకుది. మాయలన్నీ ఫకీరువి. తల్లి ఒకే చోట కూర్చుని ఉంటుంది. నాటకీయంగా చూస్తే అది నిశ్చలమైన పాత్ర. బహుశా అందువల్లనే ప్రదర్శన కళలు ఆమెను పేరులో నిలిపి, రంగం మీద ఫకీరును ముందుకు తెచ్చాయి.

వ్రతం ఎవరికోసం?

వ్రతం గడువు పద్నాలుగేళ్లే ఎందుకయింది? రాముని వనవాసపు సంఖ్య కథకుల నాలుకపై సిద్ధంగా ఉన్నదన్న సమాధానం సులువైనది, కొంతవరకు సరైనదీ. ఇదే కథ మరో రూపంలో వేరే సంఖ్యతో కనిపించడం వల్ల ఆ సమాధానం చాలదు.

బొంబాయి గవర్నరుగా పనిచేసిన బార్టిల్ ఫ్రేర్ కుమార్తె మేరీ ఫ్రేర్ 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే కథాసంపుటిని ప్రచురించింది. ఆ కథలను ఆమెకు చెప్పినది ఇంటి ఆయా అన్నా లిబరాటా డిసౌజా. లింగాయతు మూలాలున్న క్రైస్తవ కుటుంబానికి చెందిన స్త్రీ. ఆ సంపుటిలోని ‘పంచ్‌కిన్’ కథలో ఏడుగురు రాజకుమార్తెలలో చివరిదాని పేరు బాల్నా. ఆమెకు ఒక పసివాడు. ఫకీరు వేషంలో బిచ్చానికి వచ్చిన మాంత్రికుడు ఆమెను చిన్న కుక్కగా మార్చి తీసుకుపోతాడు. భర్త, అతని సోదరులు రాళ్లవుతారు. మాంత్రికుని ప్రాణం చిలకలో ఉంటుంది. బాల్నా అన్న పేరు బాలనాగమ్మకు సంక్షిప్త రూపమై ఉంటుందన్న ఊహకు ఈ సామ్యాలు బలమిస్తున్నాయి. దక్కనులో భాషల సరిహద్దులు దాటి సంచరించిన కథ ఇది. జేమ్స్ ఫ్రేజరు ‘గోల్డెన్ బౌ’లో బహిఃప్రాణాన్ని గురించి చెబుతూ ఈ కథను ఉదాహరించడంతో పంచ్‌కిన్ ప్రపంచ జానపద విద్యార్థులకు సుపరిచితుడయ్యాడు. కథాప్రకారాల అంతర్జాతీయ సూచిక 302వ సంఖ్య కింద ఇటువంటి కథలను చేర్చింది. అక్కడ కూడా గుర్తింపు పొందినది మాంత్రికుడూ అతని ప్రాణమే. తెలుగు నానుడి చేసిన పనినే పాశ్చాత్య సూచికా చేసింది.

పంచ్‌కిన్ కథలో గడువు పన్నెండేళ్లు. తెలుగులో పద్నాలుగు. సంఖ్యలు వేరైనా గడువు ముగిసేసరికి జరిగేది ఒక్కటే: ఉయ్యాలలో వదలిన బిడ్డ ఒంటరిగా ప్రయాణం చేయగల వయసుకు వస్తాడు. గడువు కొలత శాస్త్రవిధిలో లేదు, పిల్లవాని ఎదుగుదలలో ఉంది. వ్రతం ఐదేళ్లదే అయితే కథ సాగదు. ముప్పై ఏళ్లదైతే ఫకీరు ఒప్పుకోడు. తల్లి ఎంచిన వ్యవధి, శత్రువు ఓర్చుకోగలిగినంత పొట్టిగానూ బిడ్డ మనిషి కావడానికి చాలినంత పొడుగుగానూ ఉంది. కొడుకు వస్తాడని ఆమెకు తెలుసునా? కథకుడు ఆ మాట పైకి చెప్పడు. భర్త రాయిగా మారిన తరువాత ఆమెకు మిగిలినది ఆ పసివాడొక్కడేనన్నది మాత్రం ప్రతి శ్రోతకూ తెలుసు.

ఈ కోణంలో చూసినప్పుడు శీలరక్షణ ఆమె సాధనంగా కనిపిస్తుంది. పాతివ్రత్య వ్యాఖ్యానం దాన్నే గమ్యంగా భావించడం వల్ల కొడుకు రాకను పాతివ్రత్యానికి లభించిన ఫలంగా వివరించవలసి వస్తోంది. కథ నిర్మాణంలో ఆ కార్యకారణ సంబంధం తలకిందులుగా ఉంది. ప్రాణరహస్యం కొడుక్కు తెలిసే ఘట్టం ఇందుకు తోడ్పడుతుంది. పంచ్‌కిన్ కథలో బాల్నా మాంత్రికునికి లొంగినట్టు నటించి, మెచ్చుకోలు మాటలతో చిలక జాడ రాబడుతుంది. తెలుగు కథనంలోనూ రహస్యం తల్లి ద్వారానే కొడుక్కు చేరడం బాగా ప్రచారంలో ఉన్న రూపం. శీలమే గమ్యమైతే అటువంటి నటన ఆమెకు కళంకం కావాలి. శ్రోతలెవరూ దాన్ని కళంకంగా తీసుకోలేదు.

కథలో మరొక అసమానత ఉంది. రాయిగా ఉన్నవానికి కాలం గడవదు. కార్యవర్ధిరాజు లేచేసరికి తాను నిలిచిన క్షణంలోనే ఉంటాడు. బాలవర్ధిరాజు ఎదిగాడు. పద్నాలుగేళ్లు మెలకువతో గడపవలసి వచ్చింది ఆమె ఒక్కతే. ముగింపులో రాజ్యం, భర్త, కొడుకు తిరిగి వచ్చినా ఆ బిడ్డ తొలి అడుగు, తొలి మాట ఆమెకు తిరిగి రావు. బాలనాగమ్మను విషాదనాయిక అనదగినది ఈ నష్టం వల్లనే. చెర తీరిపోయేది, ఇది తీరనిది. విద్యార్థులకు పరిచితమైన జపాను యానిమే ‘ముషోకు టెన్సెయ్’లో కులీన వంశంలో పుట్టిన జెనిత్ అనే తల్లి స్ఫటికంలో చిక్కుకొని ఉండగా ఇంటివారు వెదకి తెస్తారు. అక్కడ స్తంభించిపోయినది తల్లి. తెలుగు కథ భర్తను రాయిని చేసి తల్లిని మేలుకొలిపి ఉంచింది. ఎవరిని స్తంభింపజేయాలన్న ఎంపికలోనే రెండు కథల దృష్టిభేదం తెలుస్తుంది.

మోపిదేవి శ్రోతలు

ఈ కథను దివిసీమ ఎలా విని ఉంటుందన్నది ఆలోచించదగినది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు పాము చుట్టల మీద లింగరూపంలో పూజలందుకుంటున్నాడు. సంతానం కోరి మొక్కుకోవడం, పుట్టలో పాలు పోయడం, పుట్టిన బిడ్డకు అక్కడే తలనీలాలు తీయించి చెవులు కుట్టించడం ఆ క్షేత్రంలో నిత్యం జరిగేవి. సుబ్రహ్మణ్యం, సుబ్బమ్మ, నాగేశ్వరరావు, నాగమణి అన్న పేర్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో విరివిగా ఉండడానికి ఆ మొక్కులే కారణం. ఇటువంటి చోట బాలనాగమ్మ అన్న పేరు వినగానే అది మొక్కుబడి బిడ్డ పేరని వేరే చెప్పనక్కరలేదు. సంతానం లేని రాణితో కథ మొదలు కావడం కూడా వారికి తెలిసిన దుఃఖమే.

మోపిదేవి స్త్రీలు ఎరిగిన మొక్కు బిడ్డ పుట్టడంతో చెల్లిపోతుంది. బాలనాగమ్మ వ్రతం బిడ్డ పుట్టిన తరువాత మొదలవుతుంది. పట్టినది శత్రువు ఇంట్లో, దాని ఉద్దేశం పైకి చెప్పరానిది. ఆచారంలో స్త్రీకి ఉన్న కాస్త అధికారం, అనగా నోము పట్టిన స్త్రీని ఎవరూ తాకరాదన్న కట్టుబాటు, కథలో ఆయుధమయింది. ఫకీరు లోకాన్ని రాళ్లు చేయగలవాడైనా నోముకు జడిశాడంటే, ఆ కట్టుబాటు పట్ల కథకుల సమాజానికి ఎంత నమ్మకమో గ్రహించవచ్చు.

బుర్రకథ ప్రక్రియ ఈ ఆంతర్యానికి అనువైనది. తంబుర పట్టిన కథకుడు ఒకే నోట తల్లిగా, ఫకీరుగా, కొడుకుగా మాట్లాడతాడు. ఇరువైపులా గుమ్మెటలతో నిలిచిన వంతలలో ఒకరు హాస్యం, మరొకరు లోకవ్యవహారం అందిస్తారు. వంత అడిగే ప్రశ్న శ్రోత అడగదలచిన ప్రశ్నే. దృశ్యసామగ్రి లేనందువల్ల ఇక్కడ కుక్కగా మారడమూ తల్లి దుఃఖమూ సమానమే. రెండూ మాటలోనే జరగాలి. ఉయ్యాలలోని బిడ్డను తలచి తల్లి పడే ఆవేదనను ఎంతసేపైనా పొడిగించే వెసులుబాటు కథకునికి ఉంది.

ప్రతినాయకుని పేరును గురించి ఇక్కడే ఒక మాట. రంగస్థలం మీద మాయల ఫకీరుగా ప్రసిద్ధుడైనవాడు చలనచిత్రంలో మాయల మరాఠీ అయ్యాడు. పద్దెనిమిదవ శతాబ్దిలో మరాఠా దళాల రాకపోకలు, 1816లో గుంటూరు ప్రాంతంపై పిండారీల దాడి తెలుగు తీరం ఎరిగినవే కనుక, ఈ పేర్లలో బయటివారి భయం నిక్షిప్తమై ఉందనడం సబబే. ఏదో ఒక దాడి నుంచి కథ పుట్టిందనడం మాత్రం తొందరపాటు. సన్యాసి వేషంలో బిచ్చానికి వచ్చి స్త్రీని అపహరించడం రావణుని నాటి నుంచీ ఉన్నదే. కథ పాతది, శత్రువు పేరు కాలాన్నిబట్టి మారేది.

సురభి రంగస్థలం

కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు నాంది పలికిన సురభి నాటక సమాజాలు బాలనాగమ్మను తమ ముఖ్య ప్రదర్శనలలో ఒకటిగా చేసుకున్నాయి. తీగల మీద ఎగిరే మనుషులు, చిటికెలో మారే తెరలు, పొగలు, మంటలు సురభి ప్రత్యేకతలు. ఆ యంత్రాంగానికి ఫకీరు కావలసినంత పని కల్పించాడు. ఎగరడం, మాయం కావడం, రాయి కావడం వేదికపై చూపదగినవి. పద్నాలుగేళ్లు ఎదురుచూడడాన్ని ఏ తీగ మీద చూపగలరు? తల్లి ఒక ముఖ్య పాత్రగా నిలిచి, కాలం మాత్రం తెర పడి లేచే వ్యవధిగా కుంచించుకుపోయింది. సురభి వారి కళను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నది ఆ అద్భుతం కోసమే.

అయితే సురభిలో ఒక విశేషం ఉంది. అవి కుటుంబ సమాజాలు. పురుషులే స్త్రీపాత్రలు ధరించే ఆచారం బలంగా ఉన్న రోజుల్లోనే ఆ కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కారు. చంటిబిడ్డలూ వేదికపైనే పెరిగారు. ఉయ్యాలలో బిడ్డగా కనిపించినవాడు కొన్నేళ్లకు బాలవర్ధిరాజుగా రావడానికి ఆ జీవనవిధానంలో అవకాశం ఉంది. కథలో కుదించిన కాలం తెర వెనుక అలా నిజంగానే గడిచింది.

1942, 1959: రెండు చిత్రాలు

జెమినీ సంస్థ పక్షాన ఎస్.ఎస్. వాసన్ నిర్మించగా చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో 1942లో ‘బాలనాగమ్మ’ విడుదలయింది. అదే సంవత్సరం ‘శాంత బాలనాగమ్మ’ పేరుతో మరొక చిత్రం రావడం ఆనాడు ఈ కథకున్న ఆదరణను సూచిస్తుంది. జెమినీ చిత్రంలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి సంగు. కార్యవర్ధిరాజు పాత్ర ధరించిన బందా కనకలింగేశ్వరరావు కైకలూరు సమీపంలోని ఆటపాకకు చెందినవాడు. న్యాయవాది, పద్యపఠనంలో పేరుపొందిన నటుడు, అనంతరం కూచిపూడి కళ పునరుద్ధరణకు పాటుపడినవాడు. జనం ఎక్కువగా చెప్పుకొన్నది గోవిందరాజుల వారి మరాఠీని. తరువాతి కాలంలో ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుగానూ మెప్పించిన ఆ నటుని ప్రతిభ అందుకు ఒక కారణం. కాంచనమాల నటజీవితం ఈ చిత్రం తరువాత ఎక్కువ కాలం సాగలేదు. అందువల్ల ఆమెను గురించిన స్మృతిరచనలు నటి బతుకును పాత్ర బతుకుతో ముడిపెట్టడం కనిపిస్తుంది. ఆ పోలిక పాత్రనూ నటినీ ఇద్దరినీ మరుగుపరుస్తుంది.

ఈ దర్శకుని విషయంలో చరిత్రకారులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీశాడు. 1942లో ‘బాలనాగమ్మ’. 1963లో కుమారుడు సి.ఎస్. రావుతో కలిసి మళ్లీ ‘లవకుశ’. ముప్పై ఏళ్ల వ్యవధిలో ఆయన ఒకే కథను మూడుసార్లు చెప్పాడనడం అత్యుక్తి అయినా నిరాధారం కాదు. భర్తకు దూరమైన రాణి, తండ్రి నీడ లేకుండా పెరిగిన కొడుకు లేదా కొడుకులు, వారు ఎదిగేదాకా ఆగిపోయిన న్యాయం: ఇదే రెండు కథల అస్థిపంజరం. సీతాపహరణంలోని మాయాభిక్షువును, ఉత్తరకాండలోని ఎదిగే కుమారులను జానపదుడు ఒకే కథలో కలిపితే వచ్చేది బాలనాగమ్మ. లవకుశులు తండ్రి సేననే ఎదిరించవలసి వచ్చింది. జానపదుడు ఆ ఇబ్బందిని తొలగించి కొడుకు ముందు పరాయి శత్రువును నిలిపాడు. తండ్రిని దోషిని చేయకుండా రాయిని చేశాడు.

1959లో వచ్చిన ‘బాలనాగమ్మ’కు వేదాంతం రాఘవయ్య దర్శకుడు. అంజలీదేవి బాలనాగమ్మ, ఎన్.టి. రామారావు కార్యవర్ధిరాజు, ఎస్.వి. రంగారావు మాయల మరాఠీ. రాఘవయ్య కూచిపూడిలో పుట్టినవాడు. రామారావు గుడివాడ ప్రాంతపు నిమ్మకూరువాడు. రంగారావు నూజివీడులో జన్మించాడు. ఒక జానపద కథ మద్రాసు స్టూడియోలో కృష్ణా జిల్లావారి చేతుల్లో రూపుదిద్దుకున్న సందర్భమిది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికునిగా రంగారావు సాధించిన ప్రభావం ఈ మరాఠీకి ముందే సింహాసనం వేసి ఉంచింది. అయినా రాఘవయ్యకు తల్లి పాత్ర కొత్త కాదు. అంజలీదేవితోనే 1957లో ఆయన తీసిన ‘సువర్ణసుందరి’ కన్నబిడ్డకు దూరమైన దేవకన్య కథ. నాట్యమేళాల ఊరినుంచి వచ్చిన దర్శకునికి కదలకుండా కూర్చున్న స్త్రీ ముఖంలో కథ నడిపించడం తెలుసు. సత్యభామ విరహమంతా ఒక జడ, ఒక చూపు మీద నడిపిన సంప్రదాయం అది.

నాలుగేళ్లకు ‘లవకుశ’ వచ్చింది. సీత అంజలీదేవి, రాముడు రామారావు. మోపిదేవి, అవనిగడ్డ, చల్లపల్లి నుంచి బండ్లు కట్టుకొని బందరు వెళ్లి ఆ చిత్రం చూసిన ప్రేక్షకుల కంటికి ఈ జంట ఇదివరకే ఎరిగినది. మొదటి చిత్రంలో భర్త రాయిగా నిలిచి ఉండగా ఆమె కొడుకు కోసం వేచి ఉంది. రెండవ చిత్రంలో భర్త కదలగలిగీ కదలలేదు. కొడుకులు ఎదిగి తల్లి పక్షాన నిలిచాక సీత భూమిలోకి వెళ్లిపోయింది. బాలనాగమ్మ మాత్రం పద్నాలుగేళ్ల కొడుకు వెంట, తాను ఉయ్యాలలో వదలివెళ్లిన ఇంటికి నడిచింది.